మళ్ళీ పంపాల్సిన తేదీ

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా
నవంబరు

దుఖాన్‌లో ఈ మెషిన్ వాడే ముఖీత్ గారికి,

మీ పేరు నాకెలా తెలిసిందని ఆశ్చర్యపోకండి. పెట్టె మూత లోపల మీరే తెలుగులో చెక్కుకున్నారు, "ముఖీత్, నిర్మల్" అని. మేకుతో చెక్కినట్టున్నారు. కంపెనీ సొమ్ము కదా, కొంచెం మొహమాటం ఉండాలి.

నేను ఈ షాపులో రిపేరు బల్ల దగ్గర కూర్చునే మనిషిని. పేరు అజ్రా, ఊరు కోరుట్ల. షాపు మా అన్న గౌస్ మొహియుద్దీన్‌ది. బాయిలర్ చిమ్నీలో పొగ పీల్చి ఆక్సిజన్ ఎంతుందో, విషపు గ్యాస్ ఎంతుందో చెప్పే అనలైజర్లు ఎక్కడెక్కడివో మా బల్ల మీదికి వస్తాయి. కానీ మీది వచ్చిన స్థితిలో ఇంతవరకు ఒక్కటీ రాలేదు. తడి పట్టే చిన్న గిన్నె నిండి, ఆ నీళ్ళు పంపులోకి పోయాయి. ఫిల్టర్ బొగ్గులా ఉంది. పొగలో తడి ఉంటుందనీ, పని కాగానే గిన్నె ఒంపాలనీ మీకెవరూ చెప్పలేదా? చెంబు కడగకుండా బోర్లించే మనిషికి ఎవరూ పిల్లనివ్వరు.

ఇంకోమాట. స్విచ్ ఎప్పుడూ ఆరుబయట వేయండి. వేసి సున్నా పెట్టమనగానే అది చుట్టూ ఉన్న గాలిని పీల్చి, ఇదే మంచి గాలి, ఇదే సున్నా అని నమ్ముతుంది. ఆ తర్వాత చూసేదంతా ఆ సున్నా నుంచే లెక్క. బయట ఎండ మండిపోతోందని మీ వాళ్ళు బాయిలర్ రూములోనే స్విచ్ వేస్తారు, నాకు తెలుసు. అప్పుడది అక్కడి చెడు గాలినే మంచిదనుకుంటుంది. పాపం, అమాయకురాలు, ఏది ముందు చూపిస్తే అదే నమ్ముతుంది.

పంపు మార్చాను, సెన్సర్లు సరిచూశాను. పక్కన నా స్టిక్కర్ అంటించాను. దాని మీద చూసిన తేదీ, మళ్ళీ పంపాల్సిన తేదీ రెండూ ఉన్నాయి. వచ్చే నవంబరు దాకా దీని మొహం నాకు చూపించొద్దు.

అజ్రా


దుఖాన్
డిసెంబరు

అజ్రా గారికి సలామ్.

నవంబరు దాకా మొహం చూపించొద్దన్నారు. డిసెంబరులోనే పంపుతున్నాను. కొత్త పంపు కొంచెం మెల్లగా ఆడుతోందేమోనని అనుమానం. అనుమానం ఉన్నప్పుడు చూపించుకోవడం మంచిది కదా.

మీ చీటీ చదివి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. తిట్లే అనుకోండి. కానీ ఇక్కడికొచ్చాక తెలుగులో నన్ను ఎవరూ తిట్టలేదు. నాతో డ్యూటీ చేసే ఫయాజ్ హైదరాబాద్ వాడు, వాడికి తెలుగు మాటలు వస్తాయి గానీ అక్షరాలు రావు. చదివి వినిపించమని పట్టుబట్టాడు. పిల్లనివ్వరు అన్నచోట పడిపడి నవ్వి, "ముఖీత్ భాయ్, సహీ పట్టుకుంది చూడు నిన్ను" అన్నాడు.

మూత మీద పేరు ఎందుకు చెక్కానో చెప్తాను. దుఖాన్ మీరు చూశారో లేదో. నూనె బావులు, స్టాఫ్ క్వార్టర్లు, ఆ వెనక సముద్రం, ఇంతే ఊరు. నేను స్టాఫ్ మెస్సుకీ లాండ్రీకీ వేడినీళ్ళిచ్చే బాయిలర్లు చూస్తాను. బోర్డుల మీద అరబ్బీ, ఇంగ్లీషు. రూములో హిందీ, ఉర్దూ. ఒకరోజు 'ఖీ' ఎలా రాస్తారో ఒక్క క్షణం గుర్తు రాలేదు. భయమేసింది. దొరికిన మేకుతో దొరికినచోట రాసుకున్నాను.

ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం గానీ నేను చదివింది తెలుగు మీడియం. అందుకే మీరు రాసిన అక్షరాలు చూసి కడుపు నిండింది. మీ చీటీ మెషిన్ కిందున్న స్పాంజీలో భద్రంగా పెట్టాను. గిన్నె ఒంపుతున్నాను. చెంబు కూడా కడుగుతున్నాను.

మీ నంబరిస్తే మెషిన్ గురించి సందేహాలు వాట్సాప్‌లో అడుగుతాను.

ముఖీత్


ఫరీజ్ బిన్ మహమూద్
జనవరి

ముఖీత్ గారికి,

పంపుకి ఏ రోగమూ లేదు. మీకూ తెలుసు.

నంబరు ఇవ్వను. కారణం చెప్పాల్సిన పని లేదు గానీ, మీరు 'ఖీ' మర్చిపోయిన సంగతి దాచకుండా చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను. నా నిఖా ఫోన్ మీద కుదిరింది. అతను జెద్దాలో ఉండేవాడు. ఏడాదంతా ఫోనే. ఎంత తీపిగా మాట్లాడేవాడంటే, మా ఇంట్లో అందరికీ నేను అదృష్టవంతురాలినే. పెళ్ళయ్యాక తెలిసింది, ఆ తీపి ఫోన్ పెట్టేసేదాకానేనని. ఖులా, అంటే నేనే అడిగి విడాకులు తీసుకుని, అన్న దగ్గరికి వచ్చేశాను. పాలతో నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. నేను ఊదుకుంటున్నాను, అంతే.

ఉత్తరం వేరు. రాయాలంటే మనిషి కూర్చోవాలి. కొట్టేసిన మాట కూడా కింద కనబడుతుంది. మీరు "చాలాసేపు" అని రాసే ముందు "రోజంతా" అని రాసి కొట్టేశారు. నాకు కనబడింది.

కాబట్టి ఒక నియమం పెట్టుకుందాం. పెట్టె వస్తే ఉత్తరం వస్తుంది. పెట్టె రాకపోతే రాదు. మీ మెషిన్‌కి నిజంగా జబ్బు చేస్తే నిజంగా చూస్తాను. అబద్ధపు జబ్బయితే అన్న ముందు ఏదో ఒక పేరు పెడతాను. ఎందుకు పెడతానని మాత్రం అడక్కండి.

పెట్టె తెచ్చిన మీ కంపెనీ డ్రైవర్ చిన్నప్ప గారు మా మెట్ల మీద కూర్చుని టీ తాగి వెళ్ళారు. చిత్తూరు మాట వినడానికి బాగుంది.

అజ్రా


దుఖాన్
ఫిబ్రవరి

అజ్రా గారూ,

ఈసారి జబ్బు: బటన్ గట్టిగా ఉంది. నా వేలు మెత్తబడిందేమో కూడా చెప్పలేను.

పెట్టె బండిలో పెడుతుంటే చిన్నప్ప అడిగాడు, "ఏం ముఖీతన్నా, యీ పెట్టెకి నెలనెలా జరమొస్తాందా? మడిసికి కూడా ఇన్నితూర్లు ఆసుపత్రి లేదే!" నేను బండి తలుపు వేశాను. "సరేలే, పెండ్లికి నన్ను పిలచండి" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! కోప్పడదామనుకున్నాను, రాలేదు.

మీరు దాచకుండా చెప్పారు కాబట్టి నా సంగతీ రాస్తాను. నాకు పెళ్ళయింది. ఆమె పేరు తహెరున్నీసా. నేను ఇక్కడ ఉండగానే నిర్మల్‌లో జ్వరంతో పోయింది. నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. మట్టి కూడా ఆరిపోయింది. అప్పటినుంచి సెలవు పెట్టి ఇంటికి పోవాలంటే కాళ్ళు రావు. మా అమ్మకి ఈ గల్ఫ్ అంతా ఒకటే. "దుబాయ్ల ఎట్లున్నవ్ బిడ్డా? ఎప్పుడొస్తవ్?" అంటుంది. ఇది దుబాయ్ కాదని చెప్పడం మానేశాను. ఎప్పుడొస్తానో చెప్పడం కూడా.

డ్యూటీ అయ్యాక సముద్రం వైపు నడుస్తాను. ఇక్కడ సూర్యుడు నీళ్ళలోకే దిగుతాడు. ఇంతకుముందు చూసి తిరిగొచ్చేవాణ్ణి. ఇప్పుడు చూస్తూ, ఇది ఉత్తరంలో ఎలా రాయాలా అనుకుంటున్నాను. రాయడం చేతకాక వదిలేస్తున్నాను. పెట్టె మీ దగ్గరున్న వారం చేతులు ఖాళీగా ఉన్నట్టుంటుంది. చిన్నప్ప బండి వచ్చే రోజు గేటు దగ్గరే తిరుగుతుంటాను.

మీరు కూర్చునే బల్ల ఎలా ఉంటుంది? కిటికీ ఉందా?

ముఖీత్


ఫరీజ్ బిన్ మహమూద్
మార్చి

ముఖీత్ గారికి,

బటన్ మార్చాను. పాతదే బాగుంది, అయినా మార్చాను. అన్న నిన్న పెట్టె చూసి, "ఈ దుఖాన్ మెషిన్ మళ్ళా వచ్చిందా? మన రిపేర్ల పరువు పోతది అజ్రా" అన్నాడు. యాస్మీన్ భాభీ నా మొహం చూసి నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు ఏదో తెలుసు. 

బల్ల సంగతి అడిగారు. షాపు కింద, మేముండేది పైన. నా బల్ల షాపు వెనక గదిలో. అక్కడ కిటికీ లేదు. అందుకే మెషిన్లకి సున్నా పెట్టాలంటే పైకి తీసుకెళ్ళి మా బాల్కనీలో పెడతాను. కింద సందు, ఎదురుగా పాకిస్తానీ దర్జీ, తాళ్ళ మీద ఎవరివో చొక్కాలు. బండ్లు రాని సందు కాబట్టి గాలి మంచిది. మీ మెషిన్‌ని అక్కడ పెట్టినప్పుడు మాత్రం తొందరగా లోపలికి తీసుకురాను.

తహెరున్నీసా గారి సంగతి చదివి ఏమీ చేయలేకపోయాను. ఏడ్చాను. మీకోసమా, ఆమెకోసమా, నాకే తెలియదు. చిన్నప్ప గారి హారన్ గుర్తుపడుతున్నాను ఇప్పుడు. షాపు ముందు రోడ్డు మీద అందరి హారన్లూ ఒకటే, ఆయనది మాత్రం వేరు.

ఇవాళ గురువారం, మా ఖతారీ స్పాన్సర్, ఇక్కడ అర్బాబ్ అంటాం, షాపుకి వచ్చారు. ఆయనొస్తే భాభీ బుఖూర్ వేస్తుంది, అదే, అరబ్బుల సాంబ్రాణి. నిప్పుల గిన్నె గదిగదికీ తిప్పుతుంది. ఇదిగో, ఈ వెనక గదిలోనూ పెట్టి వెళ్ళింది. ఆయన మెట్ల దగ్గరే కూర్చున్నారు, నేను పైకి వెళ్ళడానికి లేదు. చిన్నప్ప గారు తొందరపడుతున్నారు. పొగలో కళ్ళు మండుతుంటే మీ ఉత్తరం ఇంకోసారి చదివి ఇది రాస్తున్నాను. పక్కన మీ మెషిన్ తన పని తాను చేసుకుంటోంది. అంతా సరిచూశాను. స్టిక్కర్ కొత్తది అంటించాను.

మీరు సూర్యుడి గురించి రాయడం చేతకాదన్నారు. చేతనయింది.

అజ్రా


దుఖాన్
ఏప్రిల్

అజ్రా గారూ,

దుమ్ము తుఫాను వచ్చి వారమంతా వీచింది. సముద్రం లేదు, సూర్యుడు లేడు, అంతా పసుపుపచ్చటి దుమ్మే. బాయిలర్ రూముకి గాలి వచ్చే జాలీలు ఇసుకతో పూడుకుపోయాయి. శుభ్రం చేసే వాళ్ళు "బుక్రా" అంటున్నారు. ఇక్కడ రేపు అంటే ఎప్పుడో ఒకప్పుడు అని మీకూ తెలుసు కదా. గోడ మీదుండే గ్యాస్ అలారం చెడిపోయింది, కొత్తది స్టోర్ నుంచి రాలేదు.

తలనొప్పి పట్టుకుంది నాకు. డ్యూటీలో ఉన్నంతసేపూ కణతలు పగిలిపోతున్నాయి. శుక్రవారం సెలవు రోజు మాత్రం నొప్పి మాయం. ఫయాజ్‌కి వాంతి కూడా అయింది, మెస్సు చేపల కూరని తిట్టాడు. నా తలనొప్పికి నా దగ్గర వేరే పేరుంది, అది రాయను. రాసి కొట్టేస్తే మీకు కనబడుతుంది.

గాలి అనుమానం వచ్చి అనలైజర్ తీసి రూములో గాలి చూశాను. విషపు గ్యాస్ సున్నా. మీ చేతి మెషిన్ కదా, నిశ్చింతగా ఉన్నాను.

ఒక పిచ్చి పని చెప్తాను, నవ్వకండి. స్విచ్ వేయగానే అది అడుగుతుంది, సున్నా కొత్తగా పెట్టాలా, ఉన్నదే ఉంచాలా అని. ఈ నెలంతా ఉన్నదే ఉంచమని నొక్కుతున్నాను. మీ బాల్కనీలో, మీ గాలిలో మీరు పెట్టిన సున్నా అది. దాన్ని చెరిపి ఈ దుఖాన్ దుమ్ము నింపడానికి మనసొప్పలేదు. చిమ్నీలో ముక్కు పెట్టిన ప్రతిసారీ, మీరు చూసిన గాలితో పోల్చి చెప్తోంది అనుకుంటాను.

ఈసారి జబ్బు ఏమని రాయాలో తోచలేదు. "యజమాని ఆరోగ్యం బాలేదు" అని రాసుకోండి.

ముఖీత్


ఫరీజ్ బిన్ మహమూద్
ఏప్రిల్, మీకు ఫోన్ చేసిన మర్నాడు

ముఖీత్ గారికి,

ఫోన్ ఎందుకు చేశానో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మీ ఉత్తరం కింద షాపులో నిలబడే చదివాను. డ్యూటీలోనే తలనొప్పి, సెలవు రోజు మాయం అన్నచోట ఆగిపోయాను. ఫయాజ్ గారి వాంతి, పూడిన జాలీలు. గాలి అందక బాయిలర్ సరిగ్గా మండకపోతే వచ్చే విషానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తలనొప్పే దాని గుర్తు. అయినా మెషిన్ సున్నా అందని రాశారు. మీరు ఉంచింది నా సున్నా. నా సున్నా ఎక్కడ పెట్టానో అప్పుడు గుర్తొచ్చింది. బాల్కనీలో కాదు. ఆ గురువారం, బుఖూర్ నిప్పుల పక్కన.

బొగ్గు నిప్పులు వదిలేదీ అదే విషం. మీ మెషిన్ దాన్ని మంచి గాలి అనుకుని మీ దగ్గరికి వచ్చింది. మీ రూములో అంత విషమే ఉంటే సున్నా అనే చెప్తుంది. పెట్టె పట్టుకుని మెట్లెక్కి బాల్కనీలో స్విచ్ వేశాను. ఉన్న సున్నాయే ఉంచమన్నాను. మంచి గాలిలో అది మైనస్ చూపించింది. మైనస్! గాలిలో లేనిదానికంటే తక్కువ ఎలా ఉంటుంది?

అప్పుడే మీ కంపెనీకి ఫోన్ చేసి బాయిలర్ రూముకి లైను కలపమని అరిచాను. అన్న, భాభీ, అర్బాబ్ మనిషి, అందరూ చూస్తున్నారు. మీరు హలో అన్నారు. మీ గొంతు మొదటిసారి వినడం అలా జరగాలని నేను అనుకోలేదు.

తప్పు నాది. మీ ఉత్తరం చదువుకుంటూ కళ్ళ ముందున్న పొగని చూడలేదు. ఇరవై మంది టెక్నీషియన్లకి నీతులు చెప్పే నోరు నాది. కానీ మీ తెలివికి కూడా ఒక దండం. ఉన్న సున్నా ఉంచుకోవడమేమిటి? ప్రేమ ఉంటే (వేరే మాట వెతికాను, దొరకలేదు) మనిషి మీద ఉండాలి, సున్నా మీద కాదు. ఇంకెప్పుడూ, ఎవరు పెట్టిందైనా, పాత సున్నా నమ్మకండి. నాదైనా సరే.

డాక్టరు ఏమన్నాడు? ఫయాజ్ గారు ఎలా ఉన్నారు? మెషిన్ సరిచేసి పంపుతున్నాను. దయచేసి ఏదో ఒక అబద్ధపు జబ్బు పెట్టి తొందరగా పంపండి.

అజ్రా


దుఖాన్
మే

అజ్రా గారూ,

బాగున్నాను. ఇద్దరం బాగున్నాం. క్లినిక్‌లో పూటంతా ఆక్సిజన్ పెట్టి పంపించారు. బాయిలర్ ఆపి జాలీలు కడిగారు. అలారం కూడా వచ్చింది. ఇన్నాళ్ళ "బుక్రా" ఒక్క పూటలో అయిపోయింది. ఫయాజ్ మెస్సు వంటవాడికి క్షమాపణ చెప్పుకున్నాడు.

తప్పు మీదన్నారు. సగం నాకివ్వండి. నా సగం నాకు కావాలి.

మీరు ఫోన్‌లో ఏమన్నారో మీకు గుర్తుందా? "బయటికి రా. ఏం అడగకు, ముందు బయటికి రా!" అన్నారు. రండి కాదు, రా. ఫయాజ్‌ని లాక్కుని బయటికి పరిగెత్తి, గోడకి ఆనుకుని కూర్చుని, ఊపిరి అందకుండా ఉన్నా నాకు అదే వినిపిస్తోంది. తహెరున్నీసా పోయాక నన్ను రమ్మన్నవాళ్ళు లేరు. అమ్మ రమ్మంటుంది, కానీ ఊరికి. నువ్వు గాలిలోకి రమ్మన్నావు. చూశావా, నాకూ "మీరు" రావడం లేదు. కోపమొస్తే చెప్పు, మళ్ళీ మారతాను.

ఇప్పుడు అసలు భయం. ఈ గొడవ తర్వాత మా మేనేజర్ కొత్త అనలైజర్ కొంటానంటున్నాడు. ఏది కొనాలో మీ షాపునే అడుగుతాడట. కేటలాగులో కొత్తరకం ఒకటుంది. సెన్సర్లు మేమే, టార్చిలో బ్యాటరీ మార్చినట్టు, తీసి పెట్టుకోవచ్చట. సరిచూసిన సెన్సర్ డబ్బాలో వస్తుంది. అది ఒకసారి దుఖాన్ వచ్చిందంటే దోహా మొహం చూడదు.

పాతరకమే మంచిదని రాయి అజ్రా. ఏడాదికోసారైనా నీ బల్ల మీదికి రావాలని రాయి. నాకున్న దారి ఆ పెట్టె ఒక్కటే. నీ నియమమే కదా.

ముఖీత్


ఫరీజ్ బిన్ మహమూద్
జూన్

ముఖీత్ గారికి,

మీ మేనేజర్‌కి సలహా రాసి పంపాను. కొత్తరకమే కొనమని రాశాను.

తిట్టుకోండి, తర్వాత వినండి. ఆయన అడిగినవి పెద్ద తెర, రంగులు, ఫోన్‌కి కలుస్తుందా లేదా. అవన్నీ వదిలేయమన్నాను. దుఖాన్ ఎండలో అంకెలు కనబడాలి. చేతికి గ్లౌజు ఉండగా ఫిల్టర్ విప్పగలగాలి. గొట్టం మీ చిమ్నీ రంధ్రం దాకా అందాలి. సెన్సర్ పాడైతే ఎక్కడినుంచో ఓడలో రాకుండా, దోహాలోనే దొరకాలి. అన్నిటికంటే ముఖ్యం, స్విచ్ వేసిన ప్రతిసారీ సున్నా కొత్తగా పెట్టుకోవాలి, వద్దని నొక్కడానికి బటనే ఉండకూడదు. మీలాంటి పిచ్చివాళ్ళున్నారని రాయలేదు, టెక్నీషియన్ భద్రత అని రాశాను.

ఇంకొకటి. ఆ కేటలాగు జనవరి నుంచి నా డ్రాయర్‌లో ఉంది. మీ కంపెనీకి అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్తే పెట్టె రాదని దాచాను. చెప్పి ఉంటే బుఖూర్ సున్నా మీ రూములోకి వచ్చేదే కాదు. ఉత్తరాల కోసం నేను ఏం చేశానో చూశాను కదా, ఇంకోసారి చేయలేను. మీరు నా కోసం ఊపిరాడకుండా ఉండటం కంటే, నాకు దూరంగా మంచి గాలిలో ఉండటమే నాకు కావాలి. రాస్తుంటే తేలికగానే ఉంది. రాసి పంపాక మాత్రం బాల్కనీలో నిలబడి, దర్జీ చూస్తున్నాడని కూడా చూడకుండా ఏడ్చాను.

మిమ్మల్ని తలుచుకోని పూట లేదు. హారన్ వినబడితే ఇప్పటికీ బల్ల దగ్గరినుంచి లేస్తాను. ఇక లేవాల్సిన పని ఉండదు.

కోపం రాలేదు. "నువ్వు"కి.

ఇదే చివరి పెట్టె. గిన్నె ఒంపడం మర్చిపోకండి, కొత్తదానికీ గిన్నె ఉంటుంది.

అజ్రా


దుఖాన్
జులై

అజ్రా,

నియమం తప్పుతున్నాను. పెట్టె లేకుండా ఉత్తరం పంపుతున్నాను, చిన్నప్ప జేబులో. "పెట్టె చచ్చిపోయినా జరం పోలేదా అన్నా?" అన్నాడు.

కొత్త మెషిన్ వచ్చింది. బాగుంది, ఒప్పుకోకపోతే పాపం. ఏమీ అడగదు, తలుపు బయట దాన్ని పట్టుకుని నిలబడితే తన సున్నా తనే పెట్టుకుంటుంది. ఫయాజ్‌కి నచ్చింది. నీ సలహా కాగితం మేనేజర్ నాకు చూపించి మెచ్చుకున్నాడు. నేను తలూపి, బయటికొచ్చి, నిన్ను బాగా తిట్టుకున్నాను. తర్వాత మళ్ళీ చదివాను. నన్ను పోగొట్టుకోవడానికి సిద్ధపడి నన్ను బతికించే కాగితం రాసిన మనిషివి నువ్వు. ఇంకేం తిట్టను?

చాలా రోజులు ఆలోచించాను. ఆరు నెలలు మెషిన్‌కి జబ్బులు పెట్టి పంపాను గానీ, ఒక్కసారి బస్సెక్కి నేనే రావాలని తోచలేదు. తోచలేదని కాదు. తహెరున్నీసా దగ్గరికి ఆలస్యంగా వెళ్ళినవాణ్ణి. వెళ్తే అక్కడ ఎవరూ ఉండరేమోనని, వెళ్ళడమంటేనే భయం. పెట్టె అయితే భయం లేదు, వెళ్ళి వస్తుంది.

పాత మెషిన్‌ని స్క్రాప్‌లో వేశారు. పెట్టె నేను అడిగి తెచ్చుకున్నాను. స్పాంజీలో మెషిన్ ఆకారం అలాగే ఉంది, నీ ఉత్తరాలన్నీ అందులో సరిపోయాయి.

వచ్చే శుక్రవారం జుమా నమాజ్ అయ్యాక ఆ పెట్టె పట్టుకుని వస్తాను. మీ అన్నని అడగాల్సింది అడుగుతాను. నీకు ఇష్టమైతేనే. ఇష్టం లేకపోతే చిన్నప్పకి వద్దని ఒక్క మాట చెప్పు, రాను. అమ్మకి నిన్ననే చెప్పాను. ఎవరు, ఎక్కడి పిల్ల అని అడగలేదు. "దుబాయ్ల దొరికిందా? అయితే తోలుకరా బిడ్డా" అంది.

నీ ముఖీత్


ఫరీజ్ బిన్ మహమూద్
జులై

ముఖీత్‌కి,

చిన్నప్ప గారు కింద రోడ్డు మీద ఇంజిన్ ఆపకుండా నిలబడ్డారు, "తొందరగా రాయమ్మా, పోలీసు ఫైనేస్తాడు" అంటున్నారు. కాబట్టి కొట్టేసి మళ్ళీ రాయడానికి టైము లేదు. మొదట వచ్చిన మాటే రాస్తున్నాను. రా.

అన్నకి భాభీ చెప్పేసింది. ఆమెకి జనవరి నుంచే తెలుసట. అన్న రిపేర్ల పుస్తకం తీసి నీ మెషిన్ పేజీ చూశాడు. తర్వాత, "అంటే మన రిపేర్లు మంచిగనే ఉన్నయన్నట్టు" అన్నాడు. అదే ఆయన సంతోషం.

జుమా రోజు షాపు మూసి ఉంటుంది, వెనక సందులోంచి రా. దర్జీ కొట్టుకి ఎదురుగా ఉన్న బాల్కనీ కింద ఆగు. నేను పైన ఉంటాను. ఇన్నాళ్ళూ నీ మెషిన్‌ని నిలబెట్టిన చోటే నిలబడతాను. మనం ఒకరినొకరు చూడలేదు కదా, పెట్టె చూసి గుర్తుపడతానని అనుకోకు. పెట్టె లేకుండా వచ్చినా గుర్తుపడతాను. బుఖూర్ మాత్రం ఆ రోజు వేయొద్దని భాభీకి చెప్పాను.

దీంతో ఒక స్టిక్కర్ పెడుతున్నాను. వెనక నా నంబరు రాశాను, దారి తప్పితే చెయ్యి. పెట్టె మూత మీద, నీ పేరు పక్కన అంటించు. చూసిన తేదీ దగ్గర వచ్చే జుమా వేశాను. మళ్ళీ పంపాల్సిన తేదీ దగ్గర గీత కొట్టేశాను. ఈసారి వచ్చినదాన్ని తిరిగి పంపను.

అజ్రా